లచ్చయ్య అడిగిన పాఠం

పాత భవనం వెనక, చీమలపుట్ట పక్కన గొంతు కూర్చుని లచ్చయ్య చిల్లుల రేకు డబ్బా మూత తీశాడు. అందులో పెట్టిన చచ్చిన గబ్బిలాన్ని చీమలు శుభ్రంగా తినేసి ఎముకలు మిగిల్చాయి. యూనివర్సిటీ జంతుశాస్త్ర మ్యూజియంలోని చిన్న అస్థిపంజరాలన్నీ ఇలా తయారైనవే. చీమలకు జీతం లేదు, సెలవూ లేదు.

మేడ్చల్ మనిషి లచ్చయ్య. పడుచుతనంలో శామీర్‌పేట చెరువు అంచున కప్పలు పట్టి ప్రాక్టికల్స్‌కు తెచ్చేవాడు. సంచి చూసి కండక్టరు బస్సు దించేస్తే నడిచి వచ్చాడు గానీ ఒక్క కప్పనూ వదల్లేదు. ఆ పనితోనే అటెండరయ్యాడు. తరువాత క్లాసుల్లో కప్పల కోతలు ఆగిపోయాయి, పాఠాలు తెర మీదికి ఎక్కాయి, మ్యూజియం వైపు వచ్చే పిల్లలే కరువయ్యారు. రేపటి నుంచి ఆ గది కంప్యూటర్ ల్యాబు. పాములూ కప్పలూ నిలవ ఉంచిన సీసాలన్నీ గోదాములోకి పోతాయి. తనను గేటు దగ్గరికి మారుస్తారట, దానికేం బాధ లేదు. ఒక్క పాఠమైనా జరగకుండానే తలుపు మూస్తారేమోనని అతని దిగులు.

అందుకే నిన్న సుచిత్ర మేడం దారికి అడ్డం నిలబడ్డాడు. ఒకప్పుడు అతను తెచ్చిన కప్పను కోయడానికి చెయ్యి రాక నిలబడిపోయిన పిల్లే ఆమె. ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెబుతోంది.

"ఒక్క క్లాసన్న గీడ జెప్పుర్రి మేడం. సీసాలల్ల ఉన్నయి గూడ పిల్లల మొఖం జూడాలె గద."

"రేపు మధ్యాహ్నం తీస్కొస్త లచ్చన్నా. పరేషాన్ గాకు."

ఇక పొద్దుటి నుంచి అతని చెయ్యి ఆగలేదు. గాజులు తుడిచాడు, తగ్గిన చోట ఫార్మలిన్ పోశాడు, పాముల సీసాలను కిటికీ వెలుగులోకి జరిపాడు. గబ్బిలం ఎముకలు కడిగి దూది మీద పరిచాడు. ఛాతీలో బరువుగా అనిపిస్తే, భార్య ముత్తమ్మ కట్టిచ్చిన మిరపకాయ తొక్కుదే తప్పనుకున్నాడు. గోడవార కుర్చీలో కాసేపు కూలబడ్డాడు.

సుచిత్ర పిల్లలతో వచ్చేసరికి లచ్చయ్య గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"పొద్దుగాల్నుంచి ఒక్కడే చేసిండు పాపం. నిద్రవోతుండు, సప్పుడు చేయకుర్రి," అందామె పిల్లలతో.

పాఠమంతా గుసగుసగానే సాగింది. పిల్లలు మునివేళ్ల మీద సీసా నుంచి సీసాకు నడిచారు. గబ్బిలం రెక్కలో ఉన్నవి చేతివేళ్ల ఎముకలేనని మేడం చూపిస్తే, ఒకమ్మాయి తన వేళ్లు విప్పి పక్కన పెట్టి చూసుకుంది. ఫోన్లు జేబుల్లోనే ఉండిపోయాయి.

అందరూ వెళ్లాక, "సంబురమేనా లచ్చన్నా?" అంటూ సుచిత్ర అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది. ఆ చెయ్యి వదలకుండా నేల మీదే కూర్చుని ఏడ్చింది.

అంబులెన్సు వెళ్లిపోయిన తరువాత తలుపు వేయడానికి వెనక్కి వచ్చింది. అతని నిద్ర చెడుతుందని తాను ముట్టుకోని నల్లబల్ల కింద, లచ్చయ్య ఆమె కోసం తెచ్చి పెట్టిన కొత్త సుద్దముక్క విరగకుండా, అరగకుండా ఉంది.