నూరుద్దీన్ తోడిన నీళ్లు

నాలుగో చేద పైకి వచ్చేసరికి నూరుద్దీన్‌కి ఎడమ రెక్క కింద పట్టేసింది. చేదను గట్టు మీద ఆనించి, కాసేపు ఊపిరి నిదానంగా వదిలి, మళ్లీ తాడు అందుకున్నాడు. ఇంకా పదహారు చేదలు తోడాలి. పది తన కుండకి, పది అప్పలరాజు కుండకి. తెల్లవారకముందే, చూసే కళ్లు రాకముందే అయిపోవాలి.

అనకాపల్లి స్టేషను ఎంతదని. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక పెంకుల షెడ్డు, టిక్కెట్ల కిటికీ, ఆడవాళ్లు కూర్చునే గది, రోజంతా బెల్లం వాసన కొట్టే గూడ్స్ షెడ్డు. గంట పేరుతో వేలాడే రైలు పట్టా ముక్క ఒకటి. ఇంతటికీ కలిపి వెనకాల ఒక్కటే బావి. బావి ఒక్కటే గాని నీళ్లు మాత్రం రెండు. ఒక కుండ మీద హిందూ పానీ అని, ఇంకో కుండ మీద ముస్లిం పానీ అని తెల్లరంగుతో రాసి ఉండేది. హిందూ నీళ్లకి అప్పలరాజు, ముస్లిం నీళ్లకి నూరుద్దీన్. బండి ఆగగానే ఎవరి కేక వాళ్లు వేసుకుంటూ పెట్టెల వెంట నడిచేవారు. ఇరవయ్యొక్క ఏళ్లుగా నూరుద్దీన్ ఆ గొంతుతో అన్న మాట ఒక్కటే: "ముసల్మాన్ పానీ!"

యుద్ధం రోజుల్లో అప్పలరాజు వానకి తడిసిన ఈ గట్టు మీదే జారి పడ్డాడు. నడుం పోయింది. తోపుడు బండి నెట్టగలడు, చెంబుతో పొయ్యగలడు, చేద మాత్రం లాగలేడు. సంగతి బయటపడితే పని పోతుంది. అప్పటినుంచి రెండు కుండలూ నింపేది నూరుద్దీనే. అంటే ఆరేళ్లుగా ఈ స్టేషనులో హిందూ నీళ్లు తాగిన ప్రతివాడూ ఆ చేతి నీళ్లే తాగాడు. ఎవడికీ ఏమీ కాలేదు. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి?

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, వేసవిలో, పైనుంచి కాగితం వచ్చింది. ఇకమీదట నీళ్లు ఒకటే, మనిషీ ఒకడే. కుండల మీద అక్షరాలు గీకించేశారు. స్టేషను మాస్టరు త్రినాధరావు మంచివాడే. నిన్న సాయంత్రం ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"సర్వీసు నూరుద్దీన్‌ది ఎక్కువ. న్యాయంగా ఉండాల్సింది అతనే. కాని జనం మాట కూడా చూడాలి కదా. రేపు మూడు బళ్లకీ నూరుద్దీనే పోస్తాడు. గొడవ రాకపోతే అతని పేరు రాసి పంపుతాను. వస్తే అప్పలరాజు పేరు."

ఉద్యోగం పోతే స్టేషను దీపాలు దాచే కొట్టు వెనక రైల్వేవాళ్లిచ్చిన రేకుల గదీ పోతుంది. భార్య సకీనాబీకి ఈ ఊళ్లో ఆ గది తప్ప ఇంకేం తెలుసు? రాత్రంతా ఆమె పడుకోలేదు. పొద్దున్నే టోపీ చేతికిస్తే నూరుద్దీన్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మంలో అప్పలరాజు ఉన్నాడు.

"టోపీ వద్దు బావా. తువ్వాలు సుట్టుకో. ఇయ్యాల ఒక్క రోజే గదా, ఎవుడికి తెలుత్తాది."

"దొంగతనానికి ఎల్తన్నట్టుంది బావా."

"దాహం తీర్సడం దొంగతనమేటి."

నూరుద్దీన్ టోపీని చిలక్కొయ్యకి తగిలించి తువ్వాలు చుట్టుకున్నాడు. సకీనాబీ మొహం తిప్పుకుంది.

మొదటి బండికి వాల్తేరు ఆఫీసులకి వెళ్లే రోజువారీ గుమాస్తాలే ఎక్కువ. వాళ్లందరికీ అతను ఎరికే. నవ్వారు, ఎండల గురించి మాట్లాడారు, ఎవరూ దోసిలి పట్టలేదు. గొడవా పెట్టలేదు. అదే పదివేలు అనుకున్నాడు నూరుద్దీన్.

రెండో బండిలోంచి గొలుగొండ వైపు ముసలమ్మ ఒకామె ఒంగి చేతులు చాపింది.

"నోరు పిడసకట్టుకు పోతంది, పొయ్యి బావూ."

అతను చెంబు ఎత్తి, వేళ్లకి తగలకుండా, చుక్క కింద పడకుండా పోశాడు. ఆ పని అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ముసలమ్మ మోచేతుల దాకా తడుపుకుంటూ తాగి, తడి చేత్తో మొహం తుడుచుకుని, "సల్లగా ఉండు నాయనా" అంది. ఆమె పక్కనున్న ఇద్దరు కూడా తాగారు. బండి కదిలాక నూరుద్దీన్ అక్కడే నిలబడిపోయాడు. కళ్లు చెమర్చాయి. నిజం చెప్పొద్దూ, ఇరవయ్యొక్క ఏళ్లలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

"అయిపోయింది బావా, ఇంక ఒక్క బండే" అన్నాడు అప్పలరాజు. ఆ మాటలో సంతోషమూ ఉంది, భయమూ ఉంది.

మధ్యాహ్నం పాసింజరు కిటకిటలాడుతూ వచ్చింది. ఎండ మండిపోతోంది. కిటికీల్లోంచి చేతులే చేతులు. "ఇటు, ఇటు" అని అరుపులు. నూరుద్దీన్ పోస్తున్నాడు, పరుగెత్తుతున్నాడు, మళ్లీ ముంచుతున్నాడు. రెక్క కింద నొప్పి సంగతే మరిచిపోయాడు. నాలుగు పెట్టెలు దాటాయి. ఎవరూ ఏమీ అనలేదు. అయిదో పెట్టె దగ్గర, ఆ ఉత్సాహంలో, మెడ ఎత్తి ఎప్పటిలాగే కేకేశాడు.

"ముసల్మాన్ పానీ!"

అన్నాక గాని ఏమన్నాడో అతనికే తెలియలేదు. చాపిన చేతులు వెనక్కి పోయాయి. నోట్లో నీళ్లున్న పెద్దమనిషి ఒకాయన భళ్లున ఉమ్మేసి, పంచె దులుపుకుంటూ కిందికి దిగి, నేరుగా స్టేషను మాస్టరు గదిలోకి నడిచాడు. త్రినాధరావు పరుగున వచ్చాడు. అప్పలరాజును పిలిచి చెంబు అతని చేతికిచ్చాడు. అప్పలరాజు అదే కుండలోంచి అవే నీళ్లు ముంచి పోశాడు. ఆ పెద్దమనిషి నోరు పుక్కిలించి, రెండు దోసిళ్లు తాగి, బండెక్కాడు.

బండి వెళ్లాక త్రినాధరావు కాగితం ముందు పెట్టుకుని కలం అందుకున్నాడు.

"చెప్పుకునేది ఏమైనా ఉందా నూరుద్దీన్?"

కిటికీ అవతల అప్పలరాజు ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నూరుద్దీన్ అతన్ని చూశాడు, తల దించుకున్నాడు.

"ఏటీ లేదండి."

పొద్దు వాలుతుండగా ఇద్దరూ బావి దగ్గరికి వచ్చారు. అప్పలరాజు గట్టు మీద కూలబడి తువ్వాల్లో మొహం దాచుకున్నాడు.

"నోరు పెగల్లేదు బావా. రెండు కుండలూ తోడేది నువ్వేనని సెప్పేద్దుననే అనుకున్నాను."

"సెప్పితే ఇద్దరం పోదుము. ఒకడైనా ఉండాల గదా. రేపు తెల్లారి నాను సకీనాని తీసుకుని సబ్బవరం ఎల్లిపోతాను. అక్కడ మా అక్క ఉంది." నూరుద్దీన్ తాడు అందుకున్నాడు. "రేపటికి సరిపడా తోడేసి పోతాను. ఆ తరవాత నువ్వెవుడినో ఒకణ్ణి సూసుకో."

"వద్దు బావా, అలిసిపోయినావు."

"ఊరుకో. నువ్వెల్లి కుండలు పట్రా."

అప్పలరాజు తోపుడు బండి మీద కుండలు తెచ్చాడు. ఒక్కో చేదా లెక్కపెట్టుకుంటూ నూరుద్దీన్ ఇరవయ్యీ తోడాడు. ఆఖరి చేద వంపి, తాడును ఎప్పటిలాగే చుట్టలు చుట్టి గట్టు మీద పెట్టి, పక్కనే రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు. అప్పలరాజు కుండల మీద మూతలు పెట్టి, బండి నెట్టుకెళ్లి షెడ్డులో వదిలి తిరిగి వచ్చాడు.

"లే బావా, సకీనమ్మ ఎదురుసూత్తంటాది" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఊపిరి లేదు.

మర్నాడు మొదటి బండి వేళకే వచ్చింది. అప్పలరాజు "నీళ్లు" అని కేకేశాడు. గుమాస్తాలు దోసిళ్లు పట్టి తాగారు. వాళ్లలో ఒకాయన మీసం తుడుచుకుంటూ, "ఇవాళ నీళ్లు చల్లగా ఉన్నాయి అప్పలరాజూ" అన్నాడు. అప్పలరాజు తల ఊపాడు. నింపేవాళ్లు లేని ఆ కుండలు రెండూ మధ్యాహ్నం బండితో అడుగంటాయి.

స్టేషను వెనక బావి గట్టు మీద చేంతాడు చుట్ట చుట్టినట్టే ఉంది. రోజూ రెండు అరచేతులు పట్టిన మేర నల్లగా, నున్నగా మెరుస్తోంది.