వేడి ముల్లు, ముందు సీటు

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మామయ్యగారి పాత కారుని ఎవరు బాగుచేస్తే వాళ్ళే మొదటి రౌండు నడపాలి. పక్క సీట్లో ఆయన కూర్చుంటారు. నేను ఈ ఇంటి పెద్దకోడలిగా వచ్చినప్పటినుంచీ ఆ రౌండు నాదే. కొడుకులిద్దరికీ కారంటే ఎక్కి కూర్చోవడమే తెలుసు. ప్లంబరు కూతుర్ని కనుక పానా పట్టడం నాకు పుట్టింటి చదువు. ఇంట్లో ముక్తసరిగా ఉండే మామయ్య, ఆ రౌండులో మాత్రం నాతో కబుర్లే కబుర్లు.

అలాంటిది, చిన్నకోడలు వచ్చింది. కార్ల కరెంటు పనులు చేసే షెడ్డులో ఉద్యోగం. వస్తూనే బానెట్ ఎత్తి చూసి, "భలే ఉంచుకున్నారు మామయ్యా" అంది. ఆయన ముఖం చేటంత అయింది. నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో ఇంజను వేడి చూపే మీటరు మొండికేసింది. ఇంజనుకి బిగించే సెన్సారు పాడైతే నేనే కొత్తది వేశాను. అప్పటినుంచీ ముల్లు చల్లదనం గుర్తు దగ్గరే పడి ఉంది.

"మీటరు పోయింది మామయ్యా, మార్చేద్దాం" అన్నాను.

"ఒకసారి చూడనా అక్కా?" అంది చిన్నది. వద్దంటే బాగుండదు. పళ్ళు బిగబట్టి ఊఁ అన్నాను.

ఇంజను వేడెక్కనిచ్చింది. సెన్సారు మీది వైరు పీకి ఇంజను ఇనుముకి తాకించింది. ముల్లు ఒక్క ఉదుటున వేడి గుర్తుకి ఎగిరింది. "మీటరూ బాగుంది, వైరూ బాగుంది" అంది. మళ్ళీ వైరు తగిలించి, సెన్సారు ఒంటినుంచి ఇంజనుకి ఒక తీగ ముక్క ఆనించింది. ముల్లు బుద్ధిగా మధ్యకొచ్చి నిలబడింది.

"సెన్సారుకి ఎర్త్ అందట్లేదు మామయ్యా, దాని ఒంట్లోంచి కరెంటు ఇంజను ఇనుములోకి దిగట్లేదు."

చల్లారాక విప్పింది. మర చుట్టూ తెల్లటి టేపు, నీళ్ళ పైపులకి చుట్టేది. అది మా నాన్న చేతి అలవాటు. టేపు లేకుండా మర బిగిస్తే నాకు నిద్రపట్టదు. ఆ టేపే సెన్సారుకీ ఇంజనుకీ మధ్య అడ్డుపడింది.

"నీళ్ళు కారకూడదని చుట్టావా అక్కా?" మామూలుగానే అడిగింది. వెక్కిరిస్తే నేనూ నాలుగు అనేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి. టేపు గీకేసి బిగించింది.

మామయ్య తాళంచెవి దాని చేతిలో పెట్టారు. నేను వెనక సీట్లో, కూరల సంచిలా.

మలుపు దాటగానే ఆయన కథ ఎత్తుకున్నారు. కారు కొన్న రోజు వానలో ఆగిపోతే, అత్తయ్య చెప్పులు చేత్తో పట్టుకుని తోసిన కథ. అది నాకొక్కదానికే చెప్పారనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు సన్నగా తియ్యటి వాసన తగిలింది. ఇంజనుని చల్లబరిచే నీళ్ళలో కలిపే కూలెంట్ వాసన. టేపు తీసేసిన మరలోంచి కారుతోంది. ముందున్న వాళ్ళిద్దరూ ముల్లుని చూసి మురిసిపోతున్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, ఇంజను కుతకుతలాడుతుంది, చిన్నదాన్ని ఇంక బానెట్ దగ్గరికి రానివ్వరు. ఒక వీధి దాటేదాకా అలాగే కూర్చున్నాను కూడా.

కానీ కాలిపోయేది నేను ఇన్నాళ్ళూ బాగుచేసుకొచ్చిన ఆ కారు.

"ఆపు. కారుతోంది" అన్నాను.

చల్లారేదాకా ఆగి, నా సంచిలో ఎప్పుడూ ఉండే వాషర్లలోంచి రాగిది ఒకటి తీసి వేసి బిగించాను. రాగి గనక ఎర్త్ ఆగదు, నీళ్ళు కారవు. తాగే సీసాలోని నీళ్ళు రేడియేటర్లో పోసి స్టార్ట్ చేయించాను. ముల్లు మధ్యకొచ్చింది, కింద చుక్క పడలేదు.

"నాకు తట్టనే లేదక్కా" అంది చిన్నది.

మామయ్య తాళంచెవి నాకిచ్చారు. పోయిన ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసి చూద్దును కదా, ఆయన వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"ఇద్దరూ బాగుచేశారుగా, ఇద్దరూ ముందు కూర్చోండి. నేనొక కునుకు తీస్తా."

చిన్నది నా పక్కన చేరింది. "అక్కా, వాన కథ సగంలో ఆగిపోయింది. తర్వాతేమైంది?"

అద్దంలో చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. గేరు వేసి, ఆగిన చోటునుంచి చెప్పుకొచ్చాను. ఆ కథ చివర్న అత్తయ్య అన్న మాట ఒకటుంది. అది మాత్రం చెప్పలేదు.