లాగి చూసిన అతుకు

ధర్మవరంలో చెన్నమ్మ చేతి అతుకంటే పేరుమోసిన అతుకు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని ఆమె కూర్చుందంటే వేల పోగులూ చెప్పినట్టు వినాల్సిందే. అంతా అయ్యాక గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజుతుంది. అప్పటిదాకా మొగుడు పుల్లన్న నేయడానికి మగ్గం గుంతలో కాలు పెట్టడు. లాగి చూడని అతుకు అతుకే కాదన్నది ఆ ఇంటి శాస్త్రం.

ఆ శాస్త్రాన్ని ఇద్దరూ బెంగళూరు ఆసుపత్రికి కూడా మోసుకుపోయారు.

అది రెండువేల మూడో సంవత్సరం. పుల్లన్నకు అన్నవాహికలో క్యాన్సరన్నారు. సంగటి దిగదు, అన్నం దిగదు, ఆఖరికి మజ్జిగ కూడా రొమ్ములో అడ్డం పడేది. డాక్టరు చెడిన గొట్టాన్ని కోసి తీసేసి, కడుపును పైకి లాగి, మిగిలిన గొట్టానికి రొమ్ములోపలే అతికాడు.

"అతుకు మానేదాకా నోటితో చుక్క నీళ్లు కూడా వద్దు. మందు తాగించి ఎక్స్‌రే తీస్తాం. బాగుంటే తినమని నేనే చెప్తాను" అన్నాడు. పొట్టకు పెట్టిన సన్నటి గొట్టంలోంచే పాలూ జావా పోసేవాళ్లు.

డాక్టరు అటు పోగానే పుల్లన్న పెళ్లాన్ని దగ్గరికి పిలిచాడు.

"అతుకును ఫోటో తీసేదేంది మే, లాగి చూడల్ల గానీ. ఒక్క ముద్ద పెట్టు. పట్టిందో లేదో తెలిసిపోతాది."

"డాక్టరు వద్దన్నాడు కదయ్యా."

"ఆయప్ప ఎన్ని అతుకులు ఏసినాడో, నువ్వెన్ని ఏసినావో!"

పొగడ్తకు పొంగని మనిషి ఉంటుందా? చెన్నమ్మ తాను తినడానికి తెచ్చుకున్న సంగటిలో మజ్జిగ పోసి పలచగా పిసికి, నర్సు అటు తిరిగిన వేళ చూసి చెంచాతో పెట్టింది. ఎక్కడా ఆగకుండా దిగింది. ఎన్నాళ్లకో మొగుడు మింగడం చూసి ఆమెకు కళ్ల నీళ్లు ఆగలేదు.

"గట్టిగుండాది మే!" అన్నాడు పుల్లన్న, సొంత మగ్గం గుంతలో కూర్చున్నంత ధీమాగా.

మర్నాడు జ్వరం. ఊపిరి ఎగబోసింది. అతుకు దగ్గర కారి రొమ్మంతా చీము పట్టిందన్నారు. "నోటితో ఏమైనా పెట్టారా?" అని డాక్టరు అడిగితే, భయపడి చెన్నమ్మ తల అడ్డంగా ఊపింది. రొమ్ములోకి గొట్టాలు దించారు, నోట్లో గాలి గొట్టం పెట్టారు. మనిషి మంచానికి అంటుకుపోయాడు. అయినా గట్టిపిండం, చావు గడప తొక్కి వెనక్కి వచ్చాడు. నెలలు పట్టినా అతుకు మానింది.

ఇంటికొచ్చి సంగటి తిన్నాడు, ఊరగాయ నంజుకున్నాడు. గండం గడిచిందని వీధి వీధంతా అనింది. చెన్నమ్మకూ ధైర్యమొచ్చింది. చేసిన పాపం అతుకుతోపాటే మానిపోయిందనుకుంది.

ఏడాది తిరక్కుండానే దగ్గు పట్టుకుంది. కొడుకు ఓబిలేష్ ఇద్దరినీ మళ్లీ బెంగళూరు తీసుకుపోయాడు. డాక్టరు పుల్లన్నను బయట కూర్చోబెట్టి, తల్లీకొడుకుల్ని లోపలికి పిలిచాడు.

"జబ్బు తిరిగొచ్చిందమ్మా. ఊపిరితిత్తుల్లోకి పాకింది."

"మరి అతుకు?"

"అతుకు చక్కగా ఉంది."

"ఇంకేంది సార్? సంగటి తింటాండాడు, మామిడికాయ కొరుకుతాండాడు!"

"కారినా బతికి బయటపడ్డాడు, నిజమే. కానీ ఆ దెబ్బ అక్కడితో పోదమ్మా. కారనివాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు తిరగబెట్టేది ఎక్కువ, బతికే కాలం తక్కువ. ఆపరేషన్ తర్వాత ఎక్కించాల్సిన మందులున్నాయి. ఆ చీముతో, ఆ నీరసంతో ఆయనకు ఎక్కించలేకపోయాం. ఇప్పుడిక నెలల మాటే."

మానిపోయిన గాయం మనిషిని తీసుకుపోతుందని చెన్నమ్మ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తెగిన పోగును అతికితే చీరలో దాని జాడైనా ఉండదే!

"నేనే పెట్టినా సార్" అనేసింది. "చెంచాడు సంగటి. అతుకు పట్టిందో లేదో చూద్దామని పెట్టినా."

"అమ్మా!" అన్నాడు ఓబిలేష్.

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమీ పెట్టకపోయినా కొందరికి కారుతుందమ్మా. దానివల్లేనని నేను చెప్పలేను."

"కాదని చెప్తావా సార్?"

"కాదనీ చెప్పలేను" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మగ్గం మీద కొత్త పడుగు కాచుకుని ఉంది. ఇప్పుడు తండ్రి బదులు నేసేది ఓబిలేషే. పని ఆగితే పొయ్యి ఆగుతుంది. చెన్నమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంది. పోగు తరువాత పోగు అతుకుతూ పోయింది. చివరి పోగుకు మెలిపెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"లాగు మే" అన్నాడు మంచం మీది నుంచి పుల్లన్న. ఆయనకింకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

చెన్నమ్మ చెయ్యి లేవలేదు.

"ఏమే, లాగి చూడకుండా ఎట్ల నేస్తాడు వాడు? ఇదేం కొత్త?"

"నేను లాగను" అంది చెన్నమ్మ. "నువ్వు కూర్చో నాయనా ఓబిలేషా."

ఓబిలేష్ గుంతలోకి కాళ్లు దించాడు.