కాటా మీద కారు

వేడెక్కిపోతుందన్నాడు. గేర్‌బాక్సు తట్టుకోదన్నాడు. రేడియేటరు చాలదన్నాడు. పెద్ద ఇంజను వద్దనడానికి బెన్ని నెల రోజులుగా చెప్పని వంక లేదు, అసలు సంగతి తప్ప.

చెన్నై ట్రాకు మీద జరిగే కారు పందేల్లో రెండు క్లాసులున్నాయి. కారుతో వచ్చిన పదమూడు వందల సీసీ ఇంజనే ఉంచితే చిన్న క్లాసు. అందులో ఇదివరకు పందెం ఆడనివాళ్లే నడపాలి. పదహారు వందలది వేస్తే పెద్ద క్లాసు, ఎవరైనా నడపొచ్చు. నందిగామ వీరేంద్ర ఇప్పటికే రెండుసార్లు ఆడొచ్చాడు. కారు అతనిది. సీట్లు పీకి, లోపల ఇనుప గొట్టాలు బిగించి, జగ్గయ్యపేట షెడ్డులో ఏడాదిగా దాన్ని తీర్చిదిద్దింది బెన్ని. చిన్న క్లాసైతే నడపాల్సింది తనే. ఎదురుగా లారీ రాని రోడ్డు మీద, ఒక్కసారి, కాలు తీయకుండా తొక్కాలని బెన్ని ప్రాణం కొట్టుకుపోతోంది. అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడే, అయినా కారు వాళ్లది కదా.

చివరికి వీరేంద్రే తేల్చాడు. చిన్న క్లాసుకి ఎనిమిది వందల యాభై కిలోలకు తగ్గకూడదట, తూకం వేయిద్దాం, తగ్గితే పెద్ద ఇంజనే అన్నాడు.

ముక్త్యాల సిమెంటు లారీలు తూగే కాటా అది. కారు ఎక్కించగానే బెన్ని దిగి పక్కన నిలబడ్డాడు. కాటా మీద డ్రైవరు బండి దిగాలి, లేకపోతే సరుకు తూకంలో అతని బరువూ కలిసిపోతుంది. లారీ తోలే తండ్రి ఏసురత్నం వెంట తిరిగిన రోజుల నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. ఏడు వందల తొంభై వచ్చింది. తగ్గిన బరువుకి ఇనుప దిమ్మలు మోసుకుంటూ పందేనికి పోతామా అని నవ్వి, వీరేంద్ర అక్కడికక్కడే బెజవాడకి ఫోన్ చేసి ఇంజను పంపమన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, పాత ఇంజను దించుదామని బెన్ని బోల్టులు వదులు చేస్తున్నాడు. పక్కనున్న రూల్సు కాగితాన్ని జిడ్డు చేతుల్తోనే తిరగేస్తే కనబడింది: బరువు డ్రైవరుతో కలిపి. వెధవ అలవాటు కొంప ముంచిందని తన్ను తానే తిట్టుకున్నాడు. బోల్టులన్నీ మళ్లీ బిగించి, కాటా దగ్గరికి రమ్మని వీరేంద్రకి ఫోన్ చేశాడు.

"దిగవయ్యా," అన్నాడు కాటా రత్తయ్య కిటికీలోంచి.

"దిగనండి. నాతో కలిపే తూయండి."

ఎనిమిది వందల అరవై. వీరేంద్ర కారు తలుపు తెరిచి, బెన్ని చేతిలోంచి తూకం చీటీ తీసుకున్నాడు. దాన్నీ, రూల్సు కాగితాన్నీ రెండేసిసార్లు చదివాడు. ఇంజను రేపొస్తోంది కదా అని గొణిగాడు. బెన్ని స్టీరింగు వదల్లేదు.

"నేను నడపాలనుంది వీరేంద్రా. ఒక్క పందెం."

"ఈ మాట నెల కిందటే చెప్పొచ్చుగా?"

"దిగమంటావేమోనని."

వెనక సిమెంటు లారీ హారన్ కొట్టింది. తూకం అయిపోయిందిగా, తీయమని రత్తయ్య చెయ్యి ఊపాడు. వీరేంద్ర చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బెజవాడకి ఫోన్ చేస్తాలే, ముందు కారు తియ్యి అని, బయటి నుంచే తలుపు వేశాడు.