ఎఫీ చేతిమీది పాయ

పొద్దున పోటు ఉన్న రోజుల్లో ఎఫీ రొట్టెలు కాల్చే ముందే ఎడమ చేతి చొక్కా మోచేతి దాకా మడిచేది. టీ నీళ్లు మరిగేలోపు వలవాళ్లు వచ్చేవాళ్లు. బురద బూట్లు గుమ్మంలో విడిచి, వంటింటి బల్ల చుట్టూ కూచుని, కప్పు చేతికి అందాక ఆమె చేతిని చూసేవాళ్లు.

మోచేతి దగ్గర ఆనన్ నది. అరచేతి వైపు సముద్రం. చిటికెన వేలు వైపు ఊరి ఒడ్డు. మధ్యలో ఉబ్బిన నీలం నరం ఆ పూట పాయ. ఇసుక దిబ్బల మధ్య పాయ రాత్రికి రాత్రి చోటు మారుస్తుంది. తెల్లారేసరికి నరమూ మారి ఉంటుంది. సాల్మన్ చేపలు పాయ వెంటే నదిలోకి ఎక్కుతాయి కాబట్టి ఎక్కడ నిలబడాలో వాళ్లు ఆ చెయ్యి చూసే తేల్చుకుంటారు.

"ఇవాళ బాగా బొటనవేలు వైపు పోయింది. దూరం నడవాలి," అన్నాడు వాలెస్. నీళ్లలో వరసగా నిలబడి వల పట్టేవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. "నీకు ఒళ్లొస్తోంది ఎఫీ. పాయ వెతుక్కోవాల్సొస్తోంది."

"కళ్లజోడు తుడుచుకో. ఇంకో రొట్టె కావాలంటే నోరు కూడా తుడుచుకో."

బల్ల చివర ఆమె కూతురు రోనా నవ్వింది. వరసలో నిలబడటం ఆ పిల్లకి అదే మొదటిసారి. నడవడం వచ్చినప్పట్నుంచీ దానికి అదొక్కటే కోరిక. చలికాలమంతా పొయ్యి ముందు కూచుని తన వల తనే అల్లుకుంది. వల కట్టే అడ్డదూలం తనే చెక్కుకుంది.

ఆ వయసులో ఎఫీ కూడా నిలబడింది. ఒక్క వేసవి. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం ఆమె తల్లి చెయ్యి చచ్చుబడింది. చేతిమీద గోరంత నల్లటి మచ్చ మిగిలింది. పొయ్యి తగిలి కాలిందనేది తల్లి. మర్నాడు నరం ఎఫీ చేతిమీద తేలింది. చేతిమీద పాయ ఉన్న మనిషి నీళ్లలో దిగదు. ఎప్పట్నుంచో అంతే. ఎఫీ మళ్లీ మడమ తడపలేదు.

వాలెస్ టోపీ తిరగేసి పట్టుకున్నాడు. ఎవరి గుర్తు వాళ్లు వేశారు. గవ్వ, తుప్పు మేకు, సీసా మూత. రోనా కోటు గుండీ వేసింది. వాలెస్ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీశాడు. తీసిన వరసే నీళ్లలో వరస. గుండీ చివర్న వచ్చింది. ఒడ్డుకి అందరికన్నా దూరం.

"చేపలన్నీ నీకేనే పిల్లా," అన్నాడు.

"మార్చు వాలెస్," అంది ఎఫీ.

"టోపీలోంచి వచ్చింది మార్చడం ఎక్కడైనా ఉందా?"

"పరువు తియ్యకమ్మా," అంది రోనా.

వెళ్లిపోయారు. ఎఫీ కప్పులు కడుగుతూ కిటికీలోంచి చూసింది. దూరంగా, నడుం లోతు నీళ్లలో, ఊరికి వీపు పెట్టి, వలలు ముందు నిలిపి వరసగా మనుషులు. చివర చిన్నగా రోనా.

చేతిలో ఏదో పాకింది.

సబ్బు నురగ తుడిచి చూసింది. చిటికెన వేలు వైపు కొత్త నరం లేస్తోంది. పట్టపగలు. ఎన్నడూ పగలు కదలని నరం ఆమె చూస్తుండగానే అరచేతి నుంచి పైకి పాకుతోంది. మనుషులకీ ఒడ్డుకీ మధ్య. వాళ్ల వీపుల వెనక.

సబ్బు చేతులతోనే పరుగెత్తింది. బురదలో చెప్పులు పోయాయి. కేక వేసింది. గాలి ఆ కేకని ఊరివైపే తోసేసింది. నీళ్ల అంచున ఆగిపోయింది. ఎదురుగా, ఇందాకటిదాకా ఇసుక ఉన్నచోట, గోధుమరంగు నీళ్లు సుడి తిరుగుతూ దారి కోసుకుంటున్నాయి. ఎవరూ వెనక్కి తిరగలేదు.

తెగినచోట నెత్తురు ఆపడానికి నొక్కినట్టు, కొత్త నరం మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

నీళ్లు ఆగాయి.

ఎఫీ ఇంకా గట్టిగా నొక్కింది. ఎడమ చేతి వేళ్లు తెల్లబడ్డాయి, తర్వాత నీలంగా అయ్యాయి. గోరు చర్మంలో దిగింది. అప్పుడు వాలెస్ వెనక్కి చూశాడు. వల దూలాలు భుజానికెత్తుకుని ఒకరి వెనక ఒకరు నడిచొచ్చారు, మోకాటి లోతులో. అందరికన్నా వెనక రోనా, చంకలో కొట్టుకుంటున్న చేపతో, తొందరేమీ లేనట్టు.

రోనా మడమ పొడి ఇసుక మీద పడ్డాక ఎఫీ వేలు తీసింది. వెనక నీళ్లు మూసుకుపోయాయి.

వాలెస్ ఆమె చేతిమీది గోటి గుర్తు చూశాడు. టోపీ తీశాడు. ఎఫీ తల్లి చెయ్యి చచ్చుబడిన రోజున కూడా వరసలో ఉన్నవాడు.

"ఆ రోజూ ఇంతే," అన్నాడు. "నీళ్లు మాకోసం ఆగాయి. నువ్వు చివర్నున్నావు."

ఎఫీ ఆ గోటి గుర్తుని కుడి అరచేత్తో మూసింది.

"టీ ఉందా?" అన్నాడు వాలెస్.

మర్నాడు ఆమె ఎడమ చెయ్యి లేవలేదు. ఒక్క నరం లేకుండా పాలలా తెల్లగా ఉంది. వలవాళ్లు వచ్చి కూచున్నారు. కప్పులు అందుకున్నారు. ఆ చేతివైపు ఎవరూ చూడలేదు. రోనా మెట్లు దిగొచ్చింది, పొడుగు బూట్లతో, చొక్కా చెయ్యి పిడికిలి మీదిదాకా లాక్కుని.

వాలెస్ టోపీ తిరగేశాడు. గవ్వ పడింది. మేకు పడింది. సీసా మూత పడింది. టోపీ రోనా ముందుకొచ్చి ఆగింది.

రోనా గుండీని కాసేపు వేళ్లమధ్య తిప్పింది. బల్లమీద పెట్టేసింది. తర్వాత కూచుని, చొక్కా మెల్లగా మోచేతి దాకా మడిచింది.

అందరూ ముందుకి వంగారు.

"చిటికెన వేలు వైపు," అన్నాడు వాలెస్. "ఇవాళ దగ్గరే."

వాళ్లు వెళ్లేదాకా రోనా చెయ్యి కదపలేదు. తర్వాత తల్లి చేతిమీది నల్లటి మచ్చ వైపు చూసింది.

"అదేంటమ్మా?"

ఎఫీ కుడిచేత్తో కప్పులు ఒక్కొక్కటే తీస్తోంది.

"పొయ్యి తగిలి కాలింది," అంది.