ఒకే గిన్నె

"ఆ ముక్క అక్కడ చదవకే తల్లీ. ఎవరైనా వీడియో తీసి పెడితే మన గ్రీన్ కార్డ్ ఆగిపోతుంది," అన్నాను కారెక్కకముందే.

"అమ్మా, చర్చ్‌లో ఫైవ్ మినిట్స్ మాట్లాడితే ఎవరూ డిపోర్ట్ చెయ్యరు. చిల్!" అంది నవోమి.

పదో తరగతితో చదువాపేసినదాన్ని. ఈ దేశంలో కాగితం అంటేనే నాకు దడ.

నేపర్‌విల్‌లో మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు వాడుకుంటుంది. ఈ దేశ స్వాతంత్ర్య దినం, జూలై నాలుగు వచ్చే వారం మాత్రం రెండు సంఘాలూ కలిసి ఆరాధిస్తాయి. ఈసారి ‘ఈ దేశానికి పునాది దేవుని వాక్యమే’ అని మాట్లాడటానికి మా అమ్మాయి పేరిచ్చింది సంఘపెద్ద అయిన మా ఆయన సత్యానందమే. ఆ రోజు కొత్త టై కట్టుకున్నారు.

దాని ఇంగ్లీషు నాకు సగమే అందుతుందని ముందే అంతా తెలుగులో చెప్పించుకున్నాను. ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు మనుషులందరినీ సమానంగా చేశాడని ఈ దేశం పుట్టినప్పుడే రాసుకున్నారంది. ఆయన తలూపారు. ఆ మాట కింద సంతకం పెట్టినవాళ్ళలో చాలామందికి బానిసలుండేవారంది. ఆ మాటను నిజంగా నమ్మింది ఆ బానిసలేనేమో అంది. ఆయన తల ఆగిపోయింది.

తర్వాత ప్రభు సంస్కారం, యేసు చివరి భోజనం జ్ఞాపకంగా. బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షరసం పంచారు. ఆయన తన కప్పు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. ఆయన ఒక బైబిల్ వాక్యం, నేనొకటి, నవోమి ఒకటి కంఠతా చెప్పాలి. ఆ సాయంత్రం నా వాక్యం అవగానే ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు. నోరు తెరిచిన పిల్ల అలాగే ఉండిపోయింది. మర్నాడూ అంతే. పదకొండు రోజులు.

"ఏమండీ, పిల్లతో ఒక్క మాటైనా..."

"తెల్లవాళ్ళ ముందు నా తల దించేసింది, ప్రిస్సిల్లా."

ఇక నాకు నిద్రెక్కడిది? ఆయనకి గుండె నొప్పి వస్తుందేమో. ఇది కాలేజీకి వెళ్ళిపోయి ఇక ఫోనే చెయ్యదేమో. నాలుగేళ్ళప్పుడు ఇది మూడే మాటల వాక్యాన్ని అమెరికా యాసలో చెబితే, ఆయన పడీ పడీ నవ్వి, మళ్ళీ చెప్పించుకునేవారు. ఆ నవ్వు ఇంకొక్కసారి వింటే చాలనిపించేది.

పన్నెండో సాయంత్రం ఆయన మొదలుపెట్టకముందే నవోమి అడిగింది.

"డాడీ, తాతయ్య బాప్తిస్మం ఎందుకు తీసుకున్నాడు? స్పీచ్‌లో అదే పెడదామనుకున్నా. నువ్వెప్పుడూ చెప్పలేదు కదా."

ఎనిమిదవుతున్నా కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. ఆయన లేచి వెళ్ళిపోతారని నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. పిల్ల మాత్రం కదల్లేదు.

"గిన్నె వల్ల," అన్నారు చివరికి, బల్లకేసే చూస్తూ. "బాపట్ల దగ్గర మా ఊళ్ళో మనవాళ్ళకి నీళ్ళు కూడా దోసిట్లో పై నుంచి పోసేవారు. మిషన్ గుడిలో దొరగారు సంస్కారానికి ఒకే గిన్నె అందరికీ తిప్పారంట. మనవాడొకడు తాగిచ్చిన గిన్నెని, పక్కనున్న పెద్దకులం మునసబుగారబ్బాయి తుడవకుండా తాగాడంట. అది చూసి మా నాన్న తీసుకున్నాడు." అప్పుడు పిల్లకేసి తిరిగారు. "నువ్వన్నది, ఆ మాటని నిజంగా నమ్మేది కిందున్నవాళ్ళేనని, మా నాన్నకి ముందే తెలుసమ్మా. ఊఁ, నీ వాక్యం చెప్పు."