మెడ కింది వరకే

“జర తల లేపు. ఎవలో సచ్చినట్టు నిలవడ్తవేంది?” అన్నాడు శివకృష్ణ, ఫోను కంటికి ఎదురుగా పట్టుకుని.

నీరజ తల లేపింది. నెమలిరంగు చీర పిన్నీసుల మీద నిలబడి ఉంది. గట్టిగా ఊపిరి పీలిస్తే జారేలా ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. పొంగుతాయేమోనని కళ్లు వంటగది వైపు తిప్పింది. అప్పుడే ఫోను టిక్కుమంది.

“మెడ కింది వరకే గద? తలతోని ఏం పని?” అని అడిగింది.

“తల వంచితే మెడకాడ చీర మడత పడ్తది. తీసేటోనికి తెలుస్తది గా సంగతి.”

భర్త మగ్గం పని మానేసి ఆన్‌లైన్‌లో చీరల ధంధా పెట్టినప్పటి నుంచీ ఇదే వరస. పొద్దంతా బళ్లో పిల్లల ముందు నిలబడి, వలస వచ్చిన తెలుగువాళ్లుండే పర్వత్ పాటియా సందుల్లోంచి నడిచి ఇంటికి వచ్చేసరికి మంచం మీద చీరలు సిద్ధంగా ఉంటాయి. నల్ల జాకెట్టు అన్నిటికీ నప్పుతుందని అదొక్కటే తొడుక్కోవాలి. ఒకటి విప్పి ఇంకొకటి చుట్టాలి, విప్పినదాన్ని మళ్లీ మడత చెదరకుండా కవర్లో పెట్టాలి. మధ్యలో కుక్కర్ కూతలు లెక్కపెట్టుకోవాలి. ఒకరోజు కాళ్లు లాగుతున్నాయంటే అత్తగారు ఐలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తకుండా, “నిలవడుడు గుడ పనేనా? మేము మగ్గం గుంతల కూసోని బతికినం” అంది. నీరజ ఒకే ఒక్క షరతు పెట్టింది: ముఖం పడకూడదు. నేను టీచర్ని, పిల్లల తల్లిదండ్రులు చూస్తారు అంది. శివకృష్ణ సరేనన్నాడు. తీసిన ఫొటోలు ఆమెకు చూపించేవాడు కూడా. అన్నీ మెడ కిందివే. కొంగు, కుచ్చిళ్లు, అంచు. అందులో తానెక్కడా కనిపించక, నీరజకు అదో రకం నిశ్చింతగా ఉండేది.

ఆ నిశ్చింత ఎనిమిదో తరగతి గదిలో పోయింది. ఆన్‌లైన్‌లో జాగ్రత్తల గురించి పిల్లలకు పాఠం చెప్పమని పైనుంచి ఆదేశం వస్తే హెడ్మాస్టరు బుచ్చిరాములు సార్ దాన్ని ఆమె నెత్తిన వేశాడు. నీరజ శ్రద్ధగానే చెప్పింది. ఒకసారి బయటికి పోయిన ఫొటో మన చేతికి తిరిగి రాదంది. మీ ఫోను మీది, తాళం ఎవరికీ ఇవ్వకండంది. మిమ్మల్ని అడగకుండా ఎవరైనా మీ ఫొటో పెడితే ఏం చేస్తారని అడిగింది. వెనక బెంచీలోంచి లత చెయ్యి ఎత్తింది.

“టీచర్, మీ ఫోటో మా మమ్మీ మొబైల్ల ఛే,” అంది, ‘ఉంది’ అనడానికి నోటికి అలవాటైన గుజరాతీ మాటతో.

క్లాసంతా నవ్వింది. “సచ్చీ టీచర్, సాడీ కట్టుకున్నరు” అంది లత, తనను ఎవరూ నమ్మలేదనుకుని.

సాయంత్రం లతను తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లమ్మ సారక్క గేటు దగ్గరే ఫోను తీసి చూపించింది. ఆమె ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తుంది, తెలిసినవాళ్లకు ఒకటీ అరా అమ్ముతుంది కూడా. “ఇది నువ్వే గద టీచరమ్మా? ఏం సూపు, హీరోయిన్ లెక్క ఓరగ సూస్తున్నవ్. దీనికే మస్తు గిరాకున్నది” అంది.

నెమలిరంగు చీర. తల, జుట్టు, బొట్టు, గడ్డం కింద చిన్నప్పటి మచ్చ, అన్నీ ఉన్నాయి. ఓరచూపు కాదది. పాలు పొంగుతాయేమోనన్న చూపు. కింద ఆర్డర్ల కోసం ఇచ్చిన నంబరు నీరజది.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్క చిక్కుముడీ విడిపోయింది. కొన్నాళ్లుగా తెలియని నంబర్ల నుంచి ‘హాయ్ డియర్’లు వస్తున్నాయి. ఎవరో పిల్లవాడి తండ్రి నంబరు పంచాడనుకుని, క్లాసులో ప్రతి తండ్రినీ మనసులో అనుమానించింది. తన ఫొటో తీసేసి మందారపువ్వు పెట్టుకుంది. అప్పుడు శివకృష్ణ, “డీపీలు పెట్టుకుంటే రారా మరి?” అని నవ్వాడు. అలా అంటూనే రోజూ ఆమె అన్నం వండుతున్నప్పుడు ఆమె ఫోను తీసుకుని ఆర్డర్లకు జవాబులిచ్చి, ఆ మాటలన్నీ చెరిపేసేవాడన్నమాట. ఫోను కొన్న రోజు సెట్ చేసింది అతనే. తాళం తెరిచే వేలిముద్రల్లో ‘వేలు ఒకటి’ అతనిది. ‘వేలు రెండు’ ఆమెది. తన జీతంతో కొన్న ఫోనులో తాను రెండోదాన్నని అప్పుడు ఆమెకు తట్టలేదు.

“మెడ కింది వరకే అన్నవ్ గద,” అంది, చెప్పులు విప్పకుండానే.

“నీకు సూపెట్టినయి మెడ కిందియే గద,” అన్నాడు శివకృష్ణ. తప్పించుకోవడానికి అన్నట్టు లేదు, నిజంగానే మాట నిలబెట్టుకున్నట్టు అన్నాడు. “మొకం ఉంటెనే ఒరిజినల్ ఫోటో అని నమ్ముతరు. లేకుంటె కంపెనీ క్యాటలాగుకెళ్లి కొట్టేసిండనుకుంటరు. మార్కెట్ తెల్వది, ఏం తెల్వది, వచ్చి మీద వడ్తవ్.”

“తీసెయ్.”

“ఏడికెళ్లి తియ్యాలె? గ్రూపులకెళ్లి గ్రూపులకు వోయింది. బరోడా దాటింది.”

ఐలమ్మ వంటగదిలోంచి వచ్చింది. “పరాయి మొగోడు తీసిండా? కట్టుకున్నోడు తీసిండు. నలుగురు సూస్తె అరిగిపోతవా? అందంగుంటివి కాబట్టే తీసిండు, సంబురపడు.”

అరిగిపోవడం అంటే ఏమిటో ఈవిడకు ఎలా చెప్పాలి? రేపు తరగతిలోకి వెళ్లి, మీ ఫొటో మీది అని ఏ ముఖంతో చెప్పాలి? ఆ ముఖమే కదా చీరతో పాటు ఊళ్లు తిరుగుతున్నది.

వారం తిరగకముందే బుచ్చిరాములు సార్ పిలిచాడు. టీచరు ఉద్యోగం చేస్తూ చీరల వ్యాపారం నడుపుతున్నదని ఎవరో పై ఆఫీసుకు రాశారట. “సోమవారం లోపల మీ జవాబు రాసి పంపాలె మేడం. వ్యాపారమని తేలితే ఉద్యోగానికే ఎసరు,” అని ఆగి, ముసిముసిగా నవ్వాడు. “మా ఇంట్లామెకు గుడ ఆ నెమలిరంగుది నచ్చింది. టీచర్లకేమన్న తక్కువకిస్తరా?”

నీరజ చీర కొంగు భుజం మీద సరిచేసుకుని బయటికి వచ్చేసింది. సరిచేసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంట్లో మాత్రం ఆ రోజు అందరికీ తలా ఒక ఉపాయం తోచింది. ఉద్యోగం పోతే పోనీ, పొద్దున కూడా ఫొటోలు తీసుకోవచ్చు అంది ఐలమ్మ. శివకృష్ణకు అది నచ్చలేదు. నెలనెలా వచ్చే జీతం అతనికి కావాలి. గడ్డం గోక్కుంటూ ఆలోచించి, “అది నేను కాదను,” అన్నాడు.

“ఏంది?”

“ఏఐ తోని ఎవడో చేసిండు అను. నా మొకం తీస్కపోయి అతికిచ్చిండ్రు, నాకేం తెల్వదను. ఇప్పుడు గివన్ని అయితనే ఉన్నయి, ఎవ్వలైనా నమ్ముతరు. నా పేరు మాత్రం రానియ్యకు. ఇకసంది నిజంగనే మెడ కింది వరకే తీస్త, ఒట్టు.”

“మొగని పేరు కాయితం మీదికెక్కిచ్చే ఆడిదుంటదా? ఆ మాత్రం బుద్ధి ఉండదా దానికి,” అంది ఐలమ్మ, నీరజ అక్కడ లేనట్టు.

నీరజ బియ్యం కడుగుతూ ఆ మాటనే తిప్పితిప్పి చూసింది. అది నేను కాదు. ఇన్నాళ్లూ చీర నిలబడడానికి ఒళ్లు ఇచ్చింది. ఆర్డర్లకు తనకు తెలియకుండానే నంబరు ఇచ్చింది. ఇప్పుడు ఇంటి పరువుకు ముఖమే వదులుకోవాలి. అనేస్తే ఉద్యోగం దక్కుతుంది, ఇల్లు దక్కుతుంది, బుచ్చిరాములు సార్ కూడా సరేనంటాడు. కానీ ఆ గడ్డం కింది మచ్చను ఏ యంత్రం పెట్టింది? కాళ్లు లాగుతూ, జారబోయే చీరను బిగపట్టి, పాల కోసం పక్కకు తిరిగిన ఆ కళ్లు ఎవరివి? ఎవరూ లెక్కలోకి తీసుకోని సాయంత్రాలన్నిటికీ ఆ ఫొటో ఒక్కటే సాక్ష్యం. దాన్ని కూడా అబద్ధమని తన నోటితోనే చెప్పమంటున్నారు.

సోమవారం ప్రార్థన గంటకు ముందే స్టాఫ్ రూములో కూర్చుని, ఫోను తెరిచి ‘వేలు ఒకటి’ తీసేసింది. పిన్ను మార్చింది. శివకృష్ణ చీరలు అమ్మే పేజీలో తన ముఖం ఉన్న ప్రతి ఫొటో మీదా, ఇది నాది, నా అనుమతి లేకుండా పెట్టారని ఫిర్యాదు చేసింది. ఆ తరువాత హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది.

బుచ్చిరాములు సార్ తన ఫోను ఆమె వైపు తిప్పాడు. శివకృష్ణ అప్పటికే అతనితో మాట్లాడినట్టున్నాడు. జవాబు కూడా సారే అందించాడు. “మీ సారు చెప్పిండు. ఇది ఏఐ బొమ్మట గదా మేడం. అట్లనే రాసి పంపుదామా?”

“నేనే సార్,” అంది నీరజ.

“మేడం?”

“పొయ్యి మీద పాలున్నయి. అటు చూస్తున్న. ముఖం నాది, నంబరు నాది. పేజీ నాది కాదు. నన్ను అడగకుండా పెట్టినాయన పేరు శివకృష్ణ, నా భర్త. రాసుకోండి.”

అతను పెన్ను ముట్టుకోలేదు. “ఇంట్ల గొడవలైతయి. జర ఆలోచన చేసుకోండి.”

“మీరు రాస్తరా, నన్ను రాయమంటరా?”

ఆమె రాసింది. సంతకం కూడా తొందరపడకుండా పెట్టింది.

సాయంత్రం మంచం మీద గులాబీరంగు చీర ఉంది. కొత్తది, ఇంకా కవర్లోనే ఉంది. నీరజ దాన్ని దాటుకుని వెళ్లి పొయ్యి మీద పాలు పెట్టింది. శివకృష్ణ అలవాటుగా ఆమె ఫోను అందుకుని బొటనవేలు ఆనించాడు. తెరుచుకోలేదు. వేలు లుంగీకి తుడుచుకుని మళ్లీ ఆనించాడు. ఐలమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

“లాక్ పెట్టినవా?” అన్నాడు, గొంతు లేచింది. “మొగనికి?”

“ఫోనుకు పెట్టిన,” అంది నీరజ. పాలు అంచుదాకా వచ్చాయి. ఈసారి అక్కడే ఉంది కనుక, పొంగకముందే పొయ్యి కట్టేసింది.